ఎడమచేతి ముద్ద

72 ఏళ్ళ పెద్దాయనకి ఎడమచేత్తో చెంచా పట్టుకుని అన్నం తినడం నేర్పించాను. ఆయన నేర్చుకున్నారు. నేర్చుకున్నారు కాబట్టి ఇక ఆయనకి నా అవసరం లేదని ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. లెక్క ప్రకారం అందులో తప్పేం లేదు. తినలేని మనిషి తింటున్నాడు, ఎవరి సాయమూ లేకుండా తింటున్నాడు. మా భాషలో దాన్ని 'ఇండిపెండెంట్' అంటాం. కానీ ఆ మనిషి నాలుగు నెలలుగా ఎవరింటికీ భోజనానికి వెళ్ళలేదు. సొంత ఇంట్లో కూడా మనవల ముందు తినడం మానేసి, గదిలో తలుపు దగ్గరికేసుకుని తింటున్నారు. ఆ సంగతి రాయడానికి ఫారంలో గడి లేదు.

నేను డాలస్‌కి ఉత్తరంగా ఉన్న ఒక శివారులో, నలుగురు థెరపిస్టులున్న చిన్న క్లినిక్‌లో పనిచేస్తాను. ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ని. హైదరాబాదులో చదువుకుని, ఇక్కడికొచ్చి మాస్టర్స్ చేసి, బోర్డు పరీక్ష రాసి పదేళ్ళు దాటింది. ఇప్పటికీ చుట్టాలకి నా పనేంటో చెప్పలేను. "ఫిజియోథెరపీనే కదా?" అంటారు. కాదంటే, "మరి?" అంటారు. మన డిక్షనరీల్లో 'వృత్తి చికిత్స' అని ఉంటుంది. ఆ మాట విన్నవాడు ఉద్యోగాలు ఇప్పించే పని అనుకుంటాడు. ఇక్కడ ఆక్యుపేషన్ అంటే ఉద్యోగం కాదు. మనిషి పొద్దున్న లేచింది మొదలు తన రోజుని నింపుకునేది ఏదైనా సరే, పళ్ళు తోముకోవడం, జడ వేసుకోవడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం, మొక్కలకి నీళ్ళు పొయ్యడం, అన్నీ ఆక్యుపేషన్లే. 1917లో న్యూయార్క్ రాష్ట్రంలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్ళో ఈ వృత్తికి సంఘం పెట్టినవాళ్ళు ఆరుగురు. వాళ్ళలో ఇద్దరు ఆర్కిటెక్టులు. అందులో ఒకాయన, జార్జ్ బార్టన్, ఎడమవైపు చచ్చుబడిపోయి, చేతిపనులతో తనని తాను తిరిగి నిలబెట్టుకున్న మనిషి. డాక్టర్లూ నర్సులూ ఉన్న సంఘమే గానీ, మొదటి అధ్యక్షుడు మాత్రం ఆ రోగిష్టి ఆర్కిటెక్టే. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. ఇల్లు కట్టేవాడికి తెలుసు, గోడలు ఆరోగ్యంగా ఉన్నంత మాత్రాన అందులో ఎవరూ కాపురం చెయ్యరని.

1922లో అడాల్ఫ్ మేయర్ అనే మానసిక వైద్యుడు ఈ వృత్తి తత్వం గురించి ఒక వ్యాసం అచ్చేశాడు. పని, ఆట, విశ్రాంతి, నిద్ర - వీటి లయ చెడిపోవడమే జబ్బులో పెద్ద భాగం అన్నది దాని సారం. కాలేజీలో అది చదివినప్పుడు, ఇంత మంచి పని ఇంకోటి లేదనుకున్నా. ఆ లయని 15 నిమిషాల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకి ఒక ఐదంకెల కోడ్ పెట్టి అమ్ముతారని అప్పటికి తెలీదు. 97535 అంటే సొంత పనులు చేసుకోవడంలో శిక్షణ. 97530 అంటే చికిత్స కోసం చేయించే పనులు. మెడికేర్ లెక్కలో ఒక ముక్కకి డబ్బు రావాలంటే కనీసం 8 నిమిషాలు ఆ పని చేసి ఉండాలి. ఏడో నిమిషంలో పేషెంటు ఏడ్చి, ఇక చాలంటే, ఆ ఏడు నిమిషాలూ గాల్లో కలిసిపోతాయి.

పెద్దాయన్ని మాస్టారు అందాం, నేను అలాగే పిలిచేదాన్ని. తెనాలి దగ్గర ఒక ఊళ్ళో లెక్కల మాస్టారుగా చేసి, కొడుకు దగ్గరికి వచ్చేసి, ఇక్కడ ఇండియన్ గ్రోసరీ కొట్లో పదకొండేళ్ళు కౌంటర్ దగ్గర నిలబడ్డారు. ఆ జీతంలోంచి కట్టిన పన్నుల వల్లే 65 దాటాక మెడికేర్ వచ్చింది. దాన్ని ఆయన ఒక ప్రైవేటు కంపెనీ నడిపే అడ్వాంటేజ్ ప్లాన్‌గా తీసుకున్నారు. నెలనెలా కట్టేది తక్కువ, పళ్ళకీ కళ్ళజోడుకీ కూడా ఎంతో కొంత ఇస్తారు. షరతు ఒక్కటే, వాళ్ళ జాబితాలో ఉన్నవాళ్ళ దగ్గరికే వెళ్ళాలి. ఆ జాబితా పేరే నెట్‌వర్క్. అందులో నేను థెరపిస్టుని కాదు, ప్రొవైడర్‌ని. ఆయన మాస్టారు కాదు, మెంబరు. ఇంకా లోపలి భాషలో అయితే ఆయన ఒక 'లైఫ్'. మా కంపెనీ కింద ఇన్ని లక్షల లైవ్స్ ఉన్నాయి అని చెప్పుకుంటారు.

ఉగాది వెళ్ళిన వారానికి స్ట్రోక్ వచ్చింది. కుడివైపు. మాట బాగానే ఉంది, నడక మెల్లగా వచ్చింది, చేయి రాలేదు. హాస్పిటల్ రిహాబ్‌లో ఎడమచేతికి చెంచా అలవాటు చేయడం మొదలుపెట్టారు, మా దగ్గరికొచ్చాక నేను పూర్తి చేశాను. అది సరైన పనే. ముందు కడుపు నిండాలి. కానీ అంతకు మించి అడగాలంటే దారి లేదు. రిహాబ్ హాస్పిటళ్ళలో మెడికేర్ కోసం నింపే అంచనా పత్రంలో 'తినడం' అనే మాటకి నిర్వచనమే తగిన పరికరాలతో ఆహారాన్ని నోటిదాకా తీసుకెళ్ళడం అని ఉంటుంది. చెంచా, ఫోర్కు. మరి వేళ్ళు పరికరాలా? ఈ ప్రశ్న వేస్తే నవ్వులాటగా ఉంటుంది. నాకు మాత్రం నవ్వులాట కాలేదు.

మాస్టారు మొదటి రోజే చెప్పారు. "అమ్మా, నడవకపోయినా పర్లేదు. కుడిచేత్తో నాలుగు ముద్దలు కలుపుకుని తినేలా చెయ్యి తల్లీ. ఈ ఎడమచేత్తో తింటుంటే నాకు నేనే అసయ్యంగా ఉంది." అందుకే మొదటి పన్నెండు విజిట్లు అయిపోతున్నప్పుడు, మరికొన్ని కావాలని రాస్తూ, ఉన్నది ఉన్నట్టు రాశాను. ఎడమచేతి చెంచాతో ఇండిపెండెంట్. పేషెంటు కోరిక, కుడిచేతి వేళ్ళతో తినడం. ఇంగ్లీషులో దానికి మా వృత్తిలో ఉన్న మాట ఫింగర్ ఫీడింగ్. అదే రాశాను.

ఆ మాట నన్ను ముంచింది. ఎందుకంటే ఫింగర్ ఫీడింగ్ అనేది మా పుస్తకాల్లో పసిపిల్లల మెట్టు. ఎనిమిది తొమ్మిది నెలలకి బిడ్డ వేళ్ళతో బిస్కెట్టు ముక్క నోట్లో పెట్టుకుంటుంది, ఏడాది దాటాక చెంచా వైపు వెళుతుంది. మతిమరుపు బాగా ముదిరిన వృద్ధులకి చెంచా పట్టుకోవడం పోయినప్పుడు మళ్ళీ ఫింగర్ ఫుడ్స్ ఇస్తాం. అంటే అవతల చదివినవాళ్ళకి నా ఉత్తరం ఎలా కనపడి ఉంటుంది? చెంచాతో చక్కగా తింటున్న మనిషిని వెనక్కి, పసితనంలోకి తీసుకెళ్ళడానికి ఈవిడ ఇంకో పన్నెండు విజిట్లు అడుగుతోంది! తిరస్కరించారు. నేను వాళ్ళ స్థానంలో ఉంటే ఏం చేసేదాన్నో చెప్పలేను.

అప్పుడు రెండోసారి రాశాను. ఈసారి 'కుడిచేత్తో, పిడి లావుగా ఉన్న చెంచా వాడుతూ తినడం' లక్ష్యం అని రాశాను. ఆ మాటకి పది విజిట్లు మంజూరయ్యాయి. ఆ పది విజిట్లలో ఆ చెంచా డ్రాయర్‌లోంచి బయటికి రాలేదు.

మేం చేసింది ఇది. పిన్నిగారు, అంటే మాస్టారి భార్య, టిఫిన్ బాక్సులో అన్నం తెచ్చేవారు. మా క్లినిక్‌లో పేషెంట్ల చేత వంట చేయించడానికి చిన్న కిచెన్ ఉంది, అక్కడ కూర్చునేవాళ్ళం. స్ట్రోక్ తర్వాత చేతికి మూసుకోవడం తేలిక, తెరుచుకోవడం కష్టం. వేళ్ళు వాటంతటవే ముడుచుకుపోతాయి. ముందు మణికట్టు బల్ల మీద ఆనించి వేళ్ళు తెరవడమే పని. తర్వాత ముద్దపప్పు అన్నం. అది అతుక్కుంటుంది కాబట్టి సులువు. తర్వాత కూర కలిపిన అన్నం. పులిహోర ఇంకా కష్టం, మెతుకు మెతుక్కీ విడిపోతుంది. పెరుగన్నం చివర్లో. చారన్నం మాట ఎత్తొద్దన్నారు మాస్టారు, "అది పీహెచ్‌డీ" అన్నారు. ఒక పనిని ఇలా మెట్లు మెట్లుగా కొయ్యడాన్ని మేం గ్రేడింగ్ అంటాం. అమెరికాలో ఏ పాఠ్యపుస్తకంలోనూ చారన్నం దాకా గ్రేడింగ్ లేదు. ఆయన చేతికి వేడి సరిగ్గా తెలిసేది కాదు, అందుకని ముందు ఎడమచేతి వేలితో అన్నం తాకి చూసుకోవాలి. ఎడమచేయి అన్నాన్ని తాకడం ఆయనకి ఇష్టం లేదు. దానికో గొడవ. చివరికి మణికట్టు పైన తగిలించి చూసుకునేలా రాజీ కుదిరింది.

నేను చేసిన పని అబద్ధం కాదు. పట్టిన నిమిషాలు అబద్ధం కాదు. అందులోని నైపుణ్యం అబద్ధం కాదు. రాసిన నామవాచకం ఒక్కటే అబద్ధం. ధర్మరాజు ఏనుగు అనే మాటని గొంతు తగ్గించి పలికినట్టు, నేను ముద్ద అనే మాటని మింగేసి చెంచా అని పలికాను. ఆయన రథం నేలకి దిగింది అంటారు. నా కారు మామూలుగానే స్టార్ట్ అయ్యి, మామూలుగానే ఇల్లు చేరింది. బహుశా అదే ఎక్కువ బాధ పెట్టింది.

కాంట్ 1797లో ఒక వ్యాసంలో, ప్రాణం తియ్యడానికి వచ్చినవాడు అడిగినా అబద్ధం చెప్పకూడదని వాదించాడు. ఆ వాదన చదివి అందరూ కాంట్‌ని ఆడిపోసుకుంటారు, నేనూ ఆడిపోసుకున్నా. కానీ నా తలుపు దగ్గర నిలబడ్డవాడు హంతకుడు కాదు. అతను నైట్ షిఫ్ట్ చేస్తున్న ఒక ఉద్యోగి. ఈ ముక్క ఊహించి అనడం లేదు. మా పెద్దమ్మ కొడుకు హైదరాబాదులో అదే పని చేస్తాడు. అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ కోర్సు చేసి, హైటెక్ సిటీలో ఒక కంపెనీలో అమెరికా ఇన్సూరెన్సుల క్లెయిములు చూస్తాడు. ఒక ఆదివారం ఫోన్లో వాడికి ఈ కథంతా చెప్పాను, పేరూ ఊరూ లేకుండా. తెలుగువాడు కదా, మాస్టారి బాధ అర్థమవుతుందనుకున్నా.

"అక్కా, మంజూరు చేసేది నేను కాదు. కానీ నా టేబుల్ మీదకొస్తే అలాగే మార్క్ చేసి పైకి పంపిస్తా," అన్నాడు. "ఫింగర్ ఫీడింగ్ అని ఉంటే నాకు మాస్టారు కనపడడు, పసిపిల్లాడు కనపడతాడు. ట్రైనింగ్‌లో అలాగే నేర్పారు. అప్పుడు నేను ఇంకో చేత్తో బిర్యానీ కలుపుకుంటూ ఉంటానేమో, అయినా అలాగే కొడతా."

కాసేపు ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత వాడే అన్నాడు, "ఐనా నువ్వు చెంచా అని రాయడం నాకు నచ్చలేదక్కా. నువ్వు అలా రాసినన్నాళ్ళూ ఆ ఫైలు చదివేవాడికి ముద్ద అనేది ఒకటుందని తెలీదు కదా."

నేను అబద్ధాన్ని మాస్టారి పక్షాన నిలబడటం అనుకున్నా. వాడు దాన్ని, తర్వాత వచ్చే మాస్టార్లందరికీ తలుపు మూసెయ్యడం అంటున్నాడు. ఒక మనిషికి చేసే మంచి, రాబోయే మనుషులకి చేసే చెడు ఒకే వాక్యంలో ఉండొచ్చని నాకు అప్పటిదాకా తట్టలేదు.

ఈ నోట్స్ గురించి ఒక పెద్ద కేసే ఉంది. వెర్మాంట్ రాష్ట్రంలో గ్లెండా జిమ్మో అనే ఆవిడ, చూపు లేదు, కాలు తీసేశారు. ఆవిడ ఇంక మెరుగుపడదు కాబట్టి సేవలు ఆపేస్తామన్నారు. కోర్టుకెళ్ళారు. 2013లో ఒప్పందం కుదిరింది. మెరుగుపడితేనే మెడికేర్ డబ్బిస్తుందన్న నియమం లేదనీ, ఉన్నది చెడిపోకుండా కాపాడటానికి నిపుణుల సాయం కావలిస్తే అదీ ఇవ్వాలనీ తేలింది. అంటే, ఎవరో ఒకరు నిజాన్ని నిజంగానే రాసి, కాదనిపించుకుని, పోట్లాడితే ఆ వాక్యం మారింది. 'మెరుగవుతోంది, మెరుగవుతోంది' అని మొహమాటానికి రాసిన వేల నోట్స్ వల్ల ఏదీ మారలేదు. నేను ఆ రెండో రకం.

సరే, అసలు ముద్ద ఒక అవసరమా? ఇక్కడ నేను తడబడతాను. నెట్‌వర్క్ అంటే తిట్టుకోవడం తేలిక. కానీ అందరి డబ్బూ ఒక కుండలో పోసి, అందులోంచి ఎవరికి ఎంత తియ్యాలో ఎవరో ఒకరు నిర్ణయించాలి కదా. నా దగ్గరికి భుజం ఆపరేషన్ అయినాయన ఒకరు మళ్ళీ గోల్ఫ్ ఆడాలని వచ్చారు. గోల్ఫ్‌కి డబ్బివ్వమన్నారు, నాకు న్యాయమే అనిపించింది. అది ఆయనకి ప్రాణం అని తెలిసినా న్యాయమే అనిపించింది. మాస్టారి ముద్దకి మాత్రం ఎందుకు అనిపించలేదు? తిండి వేరు, ఆట వేరు అని చెప్పొచ్చు. కానీ ఆయన తింటున్నారు కదా. నేను అడిగేది తిండి కాదు, పరువు. పరువుకి కోడ్ లేదు.

ఆ పరువు ఎక్కడినుంచి వచ్చింది అన్నది ఇంకా ఇబ్బంది పెట్టే ప్రశ్న. ఫోన్లో అమ్మకి చెబితే, "ఎడమచేత్తో తింటే ఏమవుద్దంట? మీ నాయనమ్మ తిన్లేదా?" అంది. మా నాయనమ్మది అనకాపల్లి వైపు. బెల్లం గానుగలో చెరకు పెడుతూ కుడిచేతి వేళ్ళు మూడు పోగొట్టుకుంది. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు ఎడమచేత్తోనే కలుపుకుని తిన్నది, ఎడమచేత్తోనే నాకు పెట్టింది. నేను తిన్న మొదటి ముద్దల్లో చాలావరకు ఎడమచేతి ముద్దలే. ఆవిడకి ఏ థెరపిస్టూ రాలేదు, ఏ లక్ష్యమూ ఎవరూ రాయలేదు. పెళ్ళిళ్ళలో మాత్రం అందరూ లేచాక ఓ మూల కూర్చునేది. ఎందుకు నాయనమ్మా అంటే, "చూసినోళ్ళకి బాగోదే" అనేది.

ఏ చేయి శుభ్రం, ఏ చేయి ఎంగిలి అని చెప్పిన నోటితోనే, మా నాన్న చిన్నప్పుడు ఊరి టీ కొట్లో ఆయన గ్లాసు వేరే అని కూడా చెప్పారు. ఆ రెండూ ఒకే చెట్టు కొమ్మలు. మరి నేను మాస్టారి సిగ్గుని సంస్కృతి అని పిలిచి, దాన్ని కాపాడటానికి ఫారంలో అబద్ధం రాస్తున్నాను. ఆయన సిగ్గుని పోగొట్టడం కదా నా పని? ఎడమచేత్తో నలుగురిలో తినగలిగేలా చెయ్యడం కదా? నాతో పనిచేసే ఒకమ్మాయి ఇదే అంది. నిజమే అనిపించింది. కానీ 72 ఏళ్ళ మనిషి చేయి పడిపోయి ఎదురుగా కూర్చుని ఉన్నప్పుడు, మీ సిగ్గు తప్పు అని చెప్పడం చికిత్స అవుతుందా? నాయనమ్మ సిగ్గు కూడా తప్పే. ఆవిడకి ఆ మూడు వేళ్ళూ తిరిగి ఇచ్చే వీలుంటే, ముందు నీ భావజాలం మార్చుకో అని అడిగేదాన్నా?

సెప్టెంబర్‌లో ఇంకో సంగతి మొదలైంది. ఆ ఇన్సూరెన్స్ కంపెనీ కొత్త కాంట్రాక్టు పంపింది, రేట్లు ఇంకా తగ్గించి. మా క్లినిక్ ఓనరు కూడా థెరపిస్టే, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినావిడ, సొంతిల్లు తాకట్టు పెట్టి ఈ క్లినిక్ పెట్టింది. కాంట్రాక్టులో సంతకం పెట్టామంటే వాళ్ళిచ్చేదే తీసుకోవాలి, పేషెంటు దగ్గర కో-పే తప్ప పైసా అడగకూడదు. పేషెంటు వైపునుంచి చూస్తే అది మంచి నియమం. మనవైపు నెట్‌వర్క్ హాస్పిటల్ అని తీసుకెళ్ళాక డిశ్చార్జి రోజున చేతికొచ్చే బిల్లు చూసినవాళ్ళకి దాని విలువ తెలుస్తుంది. కానీ ఆ రేట్లకి మేం బతకాలంటే ఒకే గంటలో ఇద్దరేసి పేషెంట్లని పెట్టుకోవాలి, ఒకరి చేయి వదిలి ఇంకొకరి చేయి పట్టుకోవాలి. ఓనరు మమ్మల్ని కూర్చోబెట్టి అడిగింది, ఉందామా, బయటికొద్దామా? బయటికొస్తే ఆ ప్లాన్‌లో ఉన్న 23 మంది పేషెంట్లు పోతారు.

నేను బయటికొద్దామనే అన్నాను. ఇది దాచుకోదలచుకోలేదు. కారణాలు చెప్పాను, గంటకి ఇద్దరు పద్ధతి కాదన్నాను, రాత్రి పదింటికి కూర్చుని ఆథరైజేషన్ ఉత్తరాలు రాయలేనన్నాను. అవన్నీ నిజాలే. చెప్పని నిజం ఒకటుంది. ఆ ఫైల్లో నా చెంచా ఉంది. కాంట్రాక్టు అయిపోతే ఆ చెంచాకి జవాబు చెప్పుకునే పని ఉండదనిపించింది. డిసెంబర్ 31తో ముగుస్తుందని ఉత్తరాలు వెళ్ళాయి.

మెడికేర్‌లో ప్లాన్ మార్చుకోవడానికి అక్టోబర్ 15 నుంచి డిసెంబర్ 7 దాకా గడువు. మాస్టారి అబ్బాయి లాప్‌టాప్ ముందు రెండు శనివారాలు కూర్చున్నాడు. మేం ఉన్న ప్లాన్‌లో వాళ్ళ న్యూరాలజిస్టు లేడు. న్యూరాలజిస్టు ఉన్న ప్లాన్‌లో గుండె డాక్టరు లేడు. అందరూ దొరికిన ఒక్క ప్లాన్‌లో నేను లేను. "మీ ఒక్కరి కోసం నాన్న గుండె డాక్టర్ని మార్చలేనండీ," అన్నాడు, క్షమాపణ అడుగుతున్నట్టు. క్షమాపణ అడగాల్సింది నేను.

అప్పుడు అనుకున్నా, ఆదివారాలు వాళ్ళింటికి వెళ్ళి ఊరికే చేస్తే? ఎవరికి లెక్క చెప్పాలి? పిన్నిగారు కూడా అడిగారు, "నువ్వు మనమ్మాయివి, నీకేం మొహమాటం, ఇంటికొచ్చెయ్యి" అని. ఆ 'మనమ్మాయి' దగ్గర ఆగిపోయాను. ఆ 23 మందిలో మాస్టారి కంటే ముందు స్లాటులో వచ్చే మెక్సికన్ అవ్వ ఒకావిడ ఉంది. ఆవిడకి టోర్టియా పిండి ఒత్తడం రావాలి. ఆవిడింటికి ఆదివారం వెళ్ళాలని నాకెందుకు తోచలేదు? ఎందుకంటే ఆవిడ నా జాబితాలో లేదు. మనవాళ్ళు అనేది కూడా ఒక నెట్‌వర్కే. దానికీ లోపలివాళ్ళూ బయటివాళ్ళూ ఉంటారు, కాకపోతే దాన్ని ఎవరూ అచ్చు వెయ్యరు.

ఆ జాబితాలో నేను ఎంతవరకు ఉన్నానన్నదీ అనుమానమే. మొదటి రోజు మాస్టారు ఊరు అడిగారు, చెప్పాను. ఇంటిపేరు అడిగారు, చెప్పాను. ఒక్క క్షణం ఆగారు. ఆ క్షణం మన దగ్గర పెరిగినవాళ్ళందరికీ తెలుసు. తర్వాతి ప్రశ్న అడగలేదు. "బాగా చదువుకున్నావమ్మా" అన్నారు. మూడు వారాల తర్వాత ముద్ద ఎలా తిప్పాలో చూపించడానికి ఆయన అన్నంలో నా చేయి పెట్టాను. పిన్నిగారు చూసి తల తిప్పుకున్నారు, మాస్టారు తినేశారు. చేతకానితనం వల్ల తిన్నారో, చేతనై తిన్నారో నాకు తెలీదు. తెలుసుకోవాల్సిన అవసరం నాకు లేకపోవడానికి కారణం, నేను ఆయన ఇంటికి రాలేదు, ఆయనే నా క్లినిక్‌కి వచ్చారు. మా ఇద్దర్నీ ఆ బల్ల దగ్గర కలిపింది చుట్టరికం కాదు, ఒక కంపెనీ వాళ్ళ లెక్కల కోసం తయారుచేసుకున్న జాబితా. దానికి ఇంటిపేర్లు అర్థం కావు. ఎన్ని మైళ్ళలో, ఎన్ని నిమిషాల్లో ఒక థెరపిస్టు ఉండాలి అన్నదే దాని కొలత. ఆ గుడ్డితనం వల్ల మాస్టారికి ముద్ద దక్కలేదు. ఆ గుడ్డితనం వల్లే ఆ ముద్ద దగ్గర నా చేయి ఉంది.

అందుకే ఆదివారాలు వెళ్ళలేదు. ఇది గొప్ప నిర్ణయం అని చెప్పను. ఆదివారం నాకు పడుకోవాలని కూడా ఉంటుంది.

బదులుగా, ఆ ప్లాన్ డైరెక్టరీలో ఉన్న పేర్లకి ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టాను, 23 మంది కోసమూ. ఈ డైరెక్టరీల సంగతి ఎలా ఉంటుందో 2023లో అమెరికా సెనేట్ ఫైనాన్స్ కమిటీ సిబ్బంది తేల్చారు. మానసిక వైద్యం కోసం ఇలాంటి అడ్వాంటేజ్ ప్లాన్ల జాబితాల్లో 120 పేర్లకి ఫోన్ చేస్తే 80 శాతం పైగా దొరకలేదు, లేదా కొత్తవాళ్ళని తీసుకోవడం లేదు, లేదా అసలు ఆ నెట్‌వర్క్‌లోనే లేరు. దెయ్యాల నెట్‌వర్కులు అంటారు వీటిని. నా అనుభవమూ అంతే. ఒక నంబరు పిజ్జా షాపుకి వెళ్ళింది. ఇంకో థెరపిస్టు రిటైరై ఫ్లోరిడా వెళ్ళిపోయింది. ఈ జనవరి నుంచి మా పేరు కూడా ఆ జాబితాలో కొన్నాళ్ళు దెయ్యంలా తిరుగుతూ ఉంటుంది, ఎవరో ఒకరు మాకు ఫోన్ చేసి తిట్టుకుంటారు. చివరికి మాస్టారికి నలభై నిమిషాల దూరంలో ఒకతను దొరికాడు. కుర్రాడు, నెబ్రాస్కా నుంచి వచ్చాడట. మెక్సికన్ అవ్వకి దొరకలేదు. మిగిలినవాళ్ళలో ఎనిమిది మందికి దొరికింది.

డిసెంబర్‌లో మాస్టారి డిశ్చార్జి నోట్ రాశాను. చెంచా తీసేశాను. ఫింగర్ ఫీడింగ్ అని కూడా రాయలేదు. పేషెంటు సమాజంలో పెద్దవాళ్ళు అందరిలాగే కుడిచేత్తో అన్నం కలుపుకుని, వేళ్ళ కొసలతో ముద్ద చేసి, నోట్లో పెట్టుకుని తింటారనీ, ఇది చెంచా కన్నా సూక్ష్మమైన వేళ్ళ పని అనీ, ఎడమచేత్తో తినగలిగినా అది ఆయన్ని భోజనాల బల్లకి దూరం చేసిందనీ, ముద్దపప్పు నుంచి పెరుగన్నం దాకా మెట్లేమిటో, ప్రస్తుతం ఏ మెట్టు మీద ఉన్నారో, అంతా రాశాను. పులిహోర దగ్గర సగం సాయం కావాలి. ముందటి నోట్స్‌లో చెంచా అని రాసింది సరికాదని, చేసిన పని ఇదని ఒక సవరణ కూడా జతచేశాను, ఓనరుకి చూపించాకే. ఆవిడ చాలాసేపు చదివి, "వాళ్ళు డబ్బు వెనక్కి అడగొచ్చు, తెలుసా?" అంది. తెలుసన్నాను. సంతకం పెట్టింది. ఇప్పటిదాకా అడగలేదు. అడగరని కాదు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం క్లినిక్ పార్కింగ్‌లో ఉండగా ఆ నెబ్రాస్కా కుర్రాడు ఫోన్ చేశాడు. ఆరు విజిట్లు మంజూరయ్యాయట. నా నోట్ మూడుసార్లు చదివాడట. మాస్టారు చెప్పేది తనకి సగమే అర్థమవుతోందనీ, యూట్యూబులో వీడియోలు చూశాడనీ, రాత్రి ఇంట్లో తనూ అన్నంతో ప్రయత్నించి చొక్కా మీద పోసుకున్నాననీ చెప్పాడు. నాలుగు వేళ్ళ మీదకి అన్నం రావడం వరకూ వస్తోంది, అక్కడినుంచి నోట్లోకి ఎలా వెళ్ళుతుందో తనకి అర్థం కావడం లేదు. చెయ్యి తిరగెయ్యాలా?

వద్దు, తిరగెయ్యకూడదన్నాను. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య పెట్టుకుని, కారు పక్కన నిలబడి, ఖాళీ గాలిలో చెయ్యి పెట్టి నాకు నేనే చేసి చూసుకున్నా.

"మరి బొటనవేలు ఏం చేస్తుంది?" అన్నాడు.

"వెనకనుంచి తోస్తుంది," అన్నాను.